పత్తి చేను ప్లాటయింది, పెరడు ఎలా వేసుకోవాలి?

గుంటూరు చుట్టుపక్కల ఇప్పుడు ఇళ్ళు లేచిన చాలా చోట్ల ఒకప్పుడు పత్తి, మిరప చేలు ఉండేవి. వెంచరు వేసినవాళ్ళు గట్లు చెరిపి, హద్దురాళ్ళు పాతి, రోడ్డు పోసి అమ్మేశారు. కొన్నవాళ్ళం ఇల్లు కట్టుకుని, వెనకాల మిగిలిన నాలుగు గజాల్లో నాలుగు వంగమొక్కలు పెట్టుకుందామనుకుంటాం. బజారు కూరగాయల్లో మందులున్నాయన్న భయంతోనే మనలో సగం మంది పెరడు మొదలుపెడతాం. కాళ్ళ కింద మట్టి ఎన్ని మందులు తాగిందో మాత్రం అడగం.

చాలానే తాగింది. 1980లలో తెల్లదోమ, శనగపచ్చ పురుగు పత్తిని పట్టినప్పుడు ఒక్క పంటకే పదిహేను, ఇరవై సార్లు మందు కొట్టిన రైతులు ఈ ప్రాంతంలో ఉన్నారు. అంతకుముందు బీహెచ్‌సీ పొడి, డీడీటీ, ఎండ్రిన్ రోజులు. ఎండ్రిన్ ఎంత ఇంటి మాట అయిపోయిందంటే, ఎవరు ఏ పురుగుమందు తాగినా ఊళ్ళో ‘ఎండ్రిన్ తాగాడు’ అనేవారు. మన దేశంలో సేద్యానికి డీడీటీ వాడకాన్ని 1989లో, ఎండ్రిన్‌ను 1990లో, బీహెచ్‌సీని 1997లో ఆపేశారు. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపింది. అమ్మకం ఆగింది గానీ, అప్పటికే మట్టిలో కలిసింది అక్కడే ఉండిపోయింది. డీడీటీ నేలలో సగానికి తగ్గడానికి రెండేళ్ళు పట్టవచ్చు, పదిహేనేళ్ళూ పట్టవచ్చు. తగ్గినదంతా మాయమూ కాదు. చాలావరకు డీడీఈ అనే దాని పిల్లగా మారి ఇంకా మొండిగా కూర్చుంటుంది.

ముందే ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ మట్టిని కడిగి శుభ్రం చేయడం మన వల్ల అయ్యే పని కాదు. మన వల్ల అయ్యేది, ఆ మట్టి మన కంచం దాకా రాకుండా దారులు మూయడం. ఈ కింద చెప్పేదంతా అదే పని.

తవ్వకముందు అడగండి

గునపం కన్నా ముందు కావలసింది ఆ చేను చేసిన మనిషి. భూమి అమ్ముకున్న రైతు దొరక్కపోతే పక్క చేలో పనిచేసిన కూలీలు దొరుకుతారు. వాళ్ళకు అన్నీ గుర్తుంటాయి. ఏ పంట వేసేవారు, ఎన్నేళ్ళు, పొడి మందా నీళ్ళ మందా, చివరిసారి ఎప్పుడు కొట్టారు అని అడగండి. అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది: మందు ఎక్కడ కలిపేవారు?

చేనంతా కొట్టిన మందు చేనంతటా పలచగా పడుతుంది. కలిపే చోట మాత్రం సీసా ఒలికేది, పంపు కడిగేది, మిగిలింది పారబోసేది అన్నీ ఒకే రెండు గజాల్లో. మా ప్లాటు చూడటానికి, ఆ చేలో పాతికేళ్ళు పనిచేసిన ఒక పెద్దాయనను బతిమాలి తీసుకొచ్చాను. ఆయన రాళ్ళ వంక చూడలేదు, రోడ్డు వంక చూడలేదు, నేరుగా వేపచెట్టు మొదలు దగ్గరికి నడిచి కర్రతో నేల మీద గీత గీశాడు.

“ఇక్కడమ్మా డ్రమ్ము. పక్కనే బావి ఉండేది, పూడ్చేసినట్టున్నారు.”

“దేనితో కలిపేవారు బాబాయ్?”

“పుల్లతో. పుల్ల దొరక్కపోతే చేత్తోనే.”

ఆయన గీసిన చోట అడుగు లోతు తవ్వితే గోధుమరంగు సీసా మూతి ఒకటి, తుప్పు పట్టిన రేకు మూత ఒకటి బయటపడ్డాయి. మూడడుగుల అవతల మామూలు నల్లరేగడి. ఇక్కడ మాత్రం మట్టి ముద్దలో ముక్కిన పిండి లాంటి వాసన. నేను ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను, మీరు ఆ పని చేయకండి. ఆ మూల తోట ఆలోచన అప్పుడే మానేసి, కడప బండలు పరిపించాం. ఇప్పుడు అక్కడ స్కూటరు నిలబెడతాం.

మీకూ సీసాలు, డబ్బాలు, తెల్లటి పొడి గడ్డలు తగిలితే పగలగొట్టకండి, కాల్చకండి, కాలవలో పారేయకండి. చేతులకు తొడుగులు వేసుకుని, మూత గట్టిగా ఉన్న బకెట్టులో పెట్టి, పిల్లలకు అందనిచోట ఉంచి, మండల వ్యవసాయాధికారికి తెలియజేయండి.

ఇంటి గోడల వెంట నేలను కూడా అనుమానించండి. కట్టేటప్పుడు పునాది చుట్టూ చెదల మందు కొట్టించే ఉంటారు. పాత ఇళ్ళకైతే ఆల్డ్రిన్, హెప్టాక్లోర్ లాంటివి, తరవాతి వాటికి క్లోరిపైరిఫాస్. చేలో కొట్టిన క్లోరిపైరిఫాస్ వారాల్లో, నెలల్లో విరిగిపోతుంది. చెదల కోసం పోసేది మాత్రం ఏళ్ళ తరబడి ఉండాలనే అంత గాఢంగా పోస్తారు. గోడ నుంచి నాలుగైదు అడుగుల దాకా తినేది ఏదీ నాటకండి. ఆ పట్టీలో కనకాంబరాలు, మందార, బంతి వేసుకోండి. పూజకు పూలూ అవుతాయి.

ఏ మందు ఉండి ఉంటుందో అంచనా

అన్ని మందులూ ఒకే రకం కాదు కాబట్టి భయం కూడా ఒకే కొలతలో పెట్టుకోనక్కరలేదు. మోనోక్రోటోఫాస్, క్వినాల్‌ఫాస్, సైపర్‌మెత్రిన్ లాంటివి కొట్టినవాడికి ప్రమాదం తెచ్చేవే గానీ, మట్టిలో ఏళ్ళ తరబడి నిలవవు. నిరుటి దాకా మిరప ఉన్న చేను అయితే ఒక ఏడాది తిండి పంట వేయకుండా జనుమో పిల్లిపెసరో చల్లి కలియదున్నండి. ఇమిడాక్లోప్రిడ్ మాత్రం కొన్ని నేలల్లో ఏడాది దాటి కూడా ఉంటుంది, కనుక తొందరపడకండి.

పాత క్లోరిన్ మందులు, అంటే డీడీటీ, బీహెచ్‌సీ, ఎండ్రిన్, ఆల్డ్రిన్, ఇవే అసలు మొండి ఘటాలు. వీటితో పాటు ఎవరూ లెక్కపెట్టనిది రాగి. మిరప, నిమ్మ, తమలపాకు తోటలకు ఏళ్ళ తరబడి బోర్డో మిశ్రమం, కాపర్ ఆక్సీక్లోరైడ్ కొట్టారు. రాగి ఒక మూలకం, అది విరిగిపోవడమంటూ ఉండదు. అదృష్టం ఏమిటంటే మన నల్లరేగడిలో ఉదజని సూచిక, అంటే పీహెచ్, 7 దాటి ఉంటుంది, అలాంటి నేలలో రాగి మట్టికి అంటుకుని మొక్కకు తక్కువ అందుతుంది. అందుకని గంధకం వేసి నేలను పులుపెక్కించే ప్రయత్నాలు ఇక్కడ వద్దు.

ఇంకో పొరపాటు చాలామంది చేస్తారు. నాలుగు గింజలు చల్లి, మొలకలు పచ్చగా వస్తే మట్టి మంచిదే అనుకుంటారు. ఆ పరీక్ష కలుపు మందులకు పనికొస్తుంది. మొక్కజొన్న చేలో అట్రజిన్ కొట్టిన నేల అయితే మూడు కుండీల్లో ఆ మట్టి, మూడు కుండీల్లో నమ్మకమైన వేరే మట్టి పోసి, పెసలూ టమాటా గింజలూ చల్లి మూడు వారాలు చూడండి. ఆకు అంచులు పసుపెక్కి మాడినా, మొక్క గిడసబారినా అనుమానించాలి. డీడీటీ పురుగును చంపేది, మొక్కను కాదు. అది నిండా ఉన్న మట్టిలోనూ బెండ నిగనిగలాడుతూ కాస్తుంది.

మట్టి పరీక్ష

రైతులకు ఇచ్చే మామూలు భూసార పరీక్షలో నత్రజని, భాస్వరం, పొటాష్, ఉదజని సూచిక, సూక్ష్మపోషకాలు ఉంటాయి. పురుగుమందు అవశేషాలు ఉండవు. ఆ కాగితం చూపించి ‘మా మట్టి బాగుందని వచ్చింది’ అనేవాళ్ళను నేను చాలామందినే చూశాను. అందులోని రాగి అంకె కూడా మొక్కకు అందే రాగిదే, మొత్తం రాగిది కాదు. అవశేషాల పరీక్ష వేరే యంత్రం మీద, వేరే ల్యాబులో జరుగుతుంది. హైదరాబాదులో రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ, అక్కడే ఉన్న వ్యవసాయ విశ్వవిద్యాలయం ఈ రంగంలో పనిచేసేవే. ల్యాబులకు జాతీయ గుర్తింపునిచ్చే బోర్డు ఎన్‌ఏబీఎల్, ఆ గుర్తింపు ఉన్న ప్రైవేటు ల్యాబులూ చేస్తాయి. ఖర్చు వేలల్లో ఉంటుంది. ముందే ఫోను చేసి ‘మట్టిలో ఆర్గానోక్లోరిన్ అవశేషాలు, మొత్తం రాగి’ అని స్పష్టంగా అడగండి. పైన చెప్పిన పాత క్లోరిన్ మందులకు ల్యాబువాళ్ళ పేరే ఆర్గానోక్లోరిన్. ఆ మాట అనకపోతే మళ్ళీ భూసార పరీక్షే చేసి చేతిలో పెడతారు.

నమూనా తీయడం మన పని. పైన గడ్డి చెక్కి, ఇంగ్లీషు వీ అక్షరంలా 15 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వి, దాని పక్కగోడ నుంచి బొటనవేలంత మందం చీల్చండి. పెరడంతా వంకరటింకరగా నడుస్తూ పది చోట్ల ఇలా తీసి, కడిగి ఆరబెట్టిన స్టీలు పళ్ళెంలో కలపండి. గుండ్రంగా పరచి నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు పారేయండి. అర కిలో మిగిలేదాకా అలాగే. దాన్ని ఎండబెట్టకండి, ప్లాస్టిక్ సంచిలో వేయకండి. గాజు సీసాలో పోసి, నీడలో చల్లగా ఉంచి, రెండు రోజుల్లో ల్యాబుకు చేర్చండి. మందు కలిపిన చోటు తెలిస్తే అక్కడి మట్టి వేరే సీసాలో. దాన్ని మిగతా వాటితో కలిపితే రెండు అంకెలూ అబద్ధం చెబుతాయి.

ఫలితం కిలో మట్టికి ఇన్ని మిల్లీగ్రాములని వస్తుంది. డీడీటీ, డీడీఈ, డీడీటీకి ఇంకో పిల్ల అయిన డీడీడీ మూడూ కూడి చూడండి. డీడీటీ కన్నా డీడీఈ ఎక్కువగా ఉంటే అది పాత బాకీ. డీడీటీయే ఎక్కువగా ఉంటే దగ్గరలో ఎవరో కొత్తగా వాడుతున్నారేమోనని అనుమానించాలి. పోల్చుకోవడానికి ఒక గీత కావాలంటే కెనడా వాళ్ళు సేద్యపు నేలకూ ఇళ్ళ స్థలాలకూ డీడీటీ మొత్తం కిలోకు 0.7 మిల్లీగ్రాములు, రాగి 63 మిల్లీగ్రాములు అని పెట్టుకున్నారు. ఆ గీతకు చాలా కింద ఉంటే కింద చెప్పే జాగ్రత్తలతో నేలలోనే వేసుకోవచ్చు. దగ్గరగా ఉన్నా, దాటినా ఎత్తు మడులే. ‘ఎన్‌డీ’ అని రాస్తే పూర్తిగా లేదని కాదు, ఆ యంత్రం పట్టుకోగలిగిన దానికన్నా తక్కువని.

పరీక్షకు డబ్బు పెట్టలేకపోతే, ఉందనే అనుకుని ఎత్తు మడి కట్టుకోండి. పరీక్ష ఖర్చుతో ఒక మడి లేస్తుంది. నిజం చెప్పాలంటే నేను సలహా అడిగినవాళ్ళకు ఇదే ఎక్కువగా చెబుతాను.

ఎత్తు మడి కట్టడం

పది అడుగుల పొడవు, మూడు అడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగు ఎత్తు. మూడడుగులు దాటితే మధ్యలో కలుపు తీయడానికి చెయ్యి అందదు. చుట్టూ గోడకు సిమెంటు ఇటుకలు గానీ నిలబెట్టిన కడప బండలు గానీ వాడండి. పాత రైలు స్లీపర్ చెక్కలు, తారు పూసిన దుంగలు వద్దు, ఒక విషం తప్పించుకోబోయి ఇంకోటి తెచ్చుకున్నట్టవుతుంది.

అడుగున నేలను తవ్వకండి. తడిపి, చదును చేసి, నీళ్ళు దిగే మందపాటి గుడ్డ లాంటి జియోటెక్స్‌టైల్ పరచండి, అంచులు గోడ మీదికి జానెడు ఎక్కేటట్టు. టమాటా వేరు ఒకటిన్నర అడుగు దాటి దిగగలదు, ఆ గుడ్డ దాన్ని ఆపుతుంది. ప్లాస్టిక్ పట్టా వేస్తే నీళ్ళు నిలిచి వేరు కుళ్ళుతుంది. గోనెసంచి రెండు వానలకే చివికిపోతుంది.

ఈ కొలత మడికి 45 ఘనపు అడుగులు పడుతుంది. 30 మట్టి, 15 మాగిన పశువుల ఎరువు. తొలి వానలకు రెండు మూడు అంగుళాలు కుంగుతుంది, కొంచెం మిగల్చుకోండి. అసలు చిక్కు ఆ 30 ఘనపు అడుగులు ఎక్కడివన్నది. ట్రాక్టరు వాడిని అడిగితే చెరువు పూడిక మట్టి తెస్తానంటాడు. సారమైన మట్టే, కానీ చుట్టూ పత్తి చేలున్న చెరువులోకి ఆ చేల మీది వాననీరే దిగుతుంది, మందు అంటిన మెత్తటి మట్టి అడుగున పేరుకునేది అక్కడే. సేద్యం ఎరగని బీడు ఎర్రమట్టి తెప్పించుకోండి. సారం లేకపోయినా ఫరవాలేదు, సారం ఎరువు ఇస్తుంది. మట్టి ఎక్కడ తవ్వుతున్నారో ఒకసారి వెంట వెళ్ళి చూసి రండి.

డ్రమ్ముల్లో, కుండీల్లో పెంచేవాళ్ళకు ఒక హెచ్చరిక. పాత సామాన్ల కొట్లో చవగ్గా దొరికే నీలం డ్రమ్ముల్లో ముందు ఏం ఉండేదో అమ్మేవాడికి కూడా తెలియదు. రసాయనం పేరున్న చీటీ ఆనవాలు కనిపించినా, వాసన తగిలినా, ఎంత సబ్బుతో కడిగినా అందులో తోటకూర పెంచకండి.

ఏది నేలలో, ఏది మడిలో

ఈ విషయంలో మనకన్నా ముందు దెబ్బతిన్నవాళ్ళున్నారు. కరీబియన్ సముద్రంలోని గ్వాడెలూప్, మార్టినీక్ దీవుల్లో అరటి తోటలకు 1993 దాకా క్లోర్డెకోన్ అనే మందు వాడారు. అదీ క్లోరిన్ మందే, అదీ పోదు. అక్కడి పెరటి తోటల వాళ్ళకు మట్టి పరీక్ష చేసి, ఏది వేయవచ్చు, ఏది వేయకూడదు అని పంటల వారీగా చెబుతున్నారు. వాళ్ళ లెక్క స్థూలంగా మనకూ పనికొస్తుంది.

నేలకు దూరంగా కొమ్మ మీద కాసేవి కొంత నిశ్చింత. వంగ, టమాటా, మిరప, బెండ, గోరుచిక్కుడు, చిక్కుడు, అరటి, మునగ. క్లోరిన్ మందులు నీళ్ళలో కరగవు, కనుక వేరు నుంచి కాండంలోకి, కాయలోకి ఎక్కేది బహు తక్కువ.

మట్టిలోనే ఊరేవి నేలలో వద్దు. కేరట్, ముల్లంగి, బీట్‌రూట్, చిలగడదుంప, చేమ, కంద, పసుపు, అల్లం, వేరుసెనగ. మందు దుంప తొక్కలో ఎక్కువగా పడుతుంది కాబట్టి మందంగా చెక్కితే చాలావరకు పోతుంది, కానీ మడి ఉండగా ఆ తిప్పలెందుకు?

ఆకుకూరల్లో భయం లోపలి మందు కాదు, పైన అంటిన మట్టి. వాన చినుకు నేలను కొట్టి, ఆ చిందు పాలకూర అడుగు ఆకుల మీద ఎండిపోతుంది. నేల మీద మూడంగుళాల మందాన వరిగడ్డి కప్పండి, తోటకూరను వేళ్ళతో పీకకుండా కోసుకోండి, మూడు నీళ్ళు మార్చి కడగండి. ఉప్పు నీళ్ళూ, వెనిగరూ ప్రత్యేకంగా చేసేదేమీ లేదు, మట్టి పోవడమే కావలసింది.

ఇక తీగజాతి. ఇక్కడే అందరూ బోల్తా పడతారు. సొర, గుమ్మడి పందిరెక్కి మట్టికి ఆరడుగుల పైన వేలాడతాయి కదా, వాటికేం భయమని. కాయ ఎక్కడ వేలాడినా వేరు మట్టిలోనే ఉంది. గుమ్మడి కుటుంబంలో కొన్నిటి వేళ్ళకు, మిగతా మొక్కలకు లేని విద్య ఒకటి ఉంది: మట్టికి అతుక్కున్న క్లోరిన్ మందును వదులు చేసి పైకి లాగుతాయి. జుకినీ అనే రకం డీడీఈని అలా లాగుతుందని పరీక్షల్లో తేలింది. జపానులో మందు ఆపేసిన దశాబ్దాల తరవాత కూడా కీరదోసలో డీల్డ్రిన్ అనే పాత క్లోరిన్ మందు బయటపడి, ఆ పొలాల్లో కీరదోస వేయడం మానుకోవలసి వచ్చింది. మన బీర, పొట్ల, కాకర కూడా ఆ ఇంటి బిడ్డలే. అందుకని మా ఇంట్లో తీగలన్నిటి పాదూ మడిలోనే, పందిరి మాత్రం ఎక్కడికి పాకినా సరే.

ఇది విని ‘అయితే గుమ్మడి వేసి విషమంతా లాగించేద్దాం’ అన్నారు మా పక్కింటివారు. లాగేది పంటకు నూటికి ఒకటో అరో పాలు. ఆ లెక్కన మనవలు కూడా తీగలు పీకుతూనే ఉండాలి.

నేలకు ఏం చేయవచ్చు, ఏం చేయలేం

మాగిన ఎరువు వేయండి, ఏటా వేయండి. గజానికి ఐదారు కిలోలు. సేంద్రియ పదార్థం మందును పట్టుకుని వేరుకు అందనివ్వదు. మెత్తటి కట్టెబొగ్గు పొడి కూడా అదే పని చేస్తుంది. పొడిగా చల్లితే దుమ్ము లేస్తుంది కాబట్టి ఎరువులో తడిపి కలపండి. జీవామృతం, వేపపిండి, ఆవు మూత్రం నేలకు మేలు చేస్తే చేస్తాయి గానీ, డీడీటీని తినేస్తాయని ఎవరైనా అమ్మజూపితే డబ్బులివ్వకండి. ఎండాకాలంలో పాలిథీన్ కప్పి నేలను కాగబెట్టడం తెగుళ్ళకు మందు, ఈ విషానికి కాదు.

చేతులు, చెప్పులు, పిల్లలు

కాయలో వచ్చే దానికన్నా గోళ్ళ సందున వచ్చేదే ఎక్కువ కావచ్చు, అదీ పాకే పిల్లలున్న ఇంట్లో. తవ్వేముందు నేల తడపండి, దుమ్ము లేవకూడదు. తోట చెప్పులు తోటలోనే విడవండి. నడిచే బాటల మీద కంకర గానీ బండలు గానీ వేయండి, మట్టి ఎక్కడా ఒట్టిగా కనిపించకూడదు. పిల్లలు మట్టితో ఆడుకోకుండా ఆపడం అయ్యే పని కాదు, కాబట్టి వాళ్ళకు వేరుగా ఒక తొట్టి నిండా శుభ్రమైన ఇసుక పోయించండి. మా మనవడు ఆ ఇసుకలో వేరుసెనగ కాయలు పాతి మొలిపించాడు కూడా.

బావి పూడ్చిన చోటుకు దగ్గరగా బోరు వేసి ఉంటే ఆ నీటిని కూడా ఒకసారి అదే ల్యాబులో చూపించండి. ఈ మందులు నీళ్ళకన్నా మట్టికే అతుక్కుంటాయి గానీ, ఖాళీ డబ్బాలు పాడుబడ్డ బావిలో పారేయడం ఊళ్ళలో మామూలే.

కోళ్ళు

పెరడు కాస్త కుదురుకోగానే రెండు నాటుకోళ్ళు తెచ్చుకోవాలని అందరికీ అనిపిస్తుంది. ఈ మట్టి మీద వద్దు. కోడి రోజంతా నేలను గీకి, పురుగుతో పాటు మట్టినీ మింగుతుంది. క్లోరిన్ మందులకు కొవ్వు అంటే ప్రాణం, కోడి ఒంట్లో చేరి గుడ్డు పచ్చసొనలో దిగుతాయి. కూరగాయలు సురక్షితమైన చోట కూడా గుడ్డు దెబ్బతింటుంది, గ్వాడెలూప్‌లో అదే జరిగింది. ప్లాటులో మొలిచిన గడ్డి కోసి పాడి గేదెకు వేసినా పాల వెన్నకు అదే దారి. కోళ్ళు లేనిదే ఊరుకోలేమంటే సిమెంటు గచ్చు వేసిన గూడు కట్టి, పైన వరిపొట్టు పరచి, కొన్న దాణా వేసి, నేల మీదికి వదలకుండా పెంచండి. వాటి పెంటను మడిలో వేసుకోవచ్చు. పక్కింటి కోళ్ళు గోడ దూకి వచ్చి మీ పెరట్లో గీకుతుంటే మాత్రం గోడ మీద వల కట్టి, ఎందుకు కట్టారో ఆ ఇంటివారికి చెప్పండి.